మంచు సముద్రం, నా కుడి కన్ను

మా ఇంట్లో ఏ జబ్బు వచ్చినా దాని పేరు వేడి. కడుపులో నొప్పి వస్తే వేడి, నోరు పొక్కితే వేడి, పిల్లలకు ముక్కులోంచి రక్తం కారితే వేడి. బూర్గంపాడు ఎండలు అలాంటివి, ఎవరినీ తప్పుపట్టలేం. మార్చి నెలాఖరులో నా కుడి కన్ను ఎర్రబడినప్పుడు కూడా మా అత్తమ్మ ఒక్కసారి రెప్ప పైకెత్తి చూసి, వేడి చేసిందని తేల్చేసింది. నేనూ అదే అనుకున్నాను. ఎవరికైనా ఇలాగే కన్ను ఎర్రబడి, వెలుతురు చూడలేకపోతుంటే, చుట్టుపక్కల వాళ్లంతా వేడి అంటుంటే, వాళ్లు నాలాగా కూర్చోకుండా ఉండాలని ఇది రాస్తున్నాను. నా మనసు కాస్త కుదుటపడుతుందన్న ఆశ కూడా ఉంది. అసలే ఒక చోట కుదురుగా కూర్చునే మనిషిని కాదు. ఈ పేరా రాసేలోపే పాలు చూసే వంకతో ఒకసారి, తలుపు గొళ్లెం చూసే వంకతో ఒకసారి లేచాను.

నేను ప్రైవేటు స్కూల్లో డ్రాయింగ్ టీచర్ని. పుట్టింది కారేపల్లి, మెట్టింది బూర్గంపాడు. మా ఆయన నరేందర్‌కు ఎరువుల దుకాణం ఉంది. ఈ ఎండాకాలం నుంచి ఐస్‌క్రీం పార్లర్ కూడా పెడదామని పక్క షట్టర్ కిరాయికి తీసుకున్నాడు. లోపల ఎదురుగోడ పెద్దది, ఖాళీగా ఉంది. ఫ్లెక్సీ కొట్టిస్తానన్నాడు. ఇంట్లో డ్రాయింగ్ టీచర్ని పెట్టుకుని ఫ్లెక్సీ కొట్టిస్తే స్కూల్లో నేను తలెత్తుకోగలనా అన్నాను. మంచు సముద్రం గీస్తానన్నాను. బయట రోడ్డు మీద తారు కరుగుతుంటే, లోపలికి వచ్చినవాళ్లకు ఆ గోడ చూడగానే ఒళ్లు చల్లబడాలి. అదీ నా పంతం.

మంచు సముద్రాన్ని నేను ఎప్పుడూ చూడలేదు. సముద్రాన్నే ఒకసారి చూశాను, అదీ విశాఖపట్నంలో, చెప్పులు తడుస్తాయన్న కంగారులో. ఐసు అంటే నాకు తెలిసింది పెళ్లిళ్లకు గోనెసంచిలో చుట్టి, పొట్టు చల్లి తెచ్చే దిమ్మలే. ఫోన్లో ఫొటోలు చూసి గీయొచ్చు, ఐసు గీయడం అంత కష్టం కాదు. దూరం గీయడమే కష్టం. దాన్ని మాత్రం నేను గోదావరి దగ్గర నేర్చుకున్నాను. చలికాలం పొద్దున్నే భద్రాచలం బ్రిడ్జి మీద నిలబడితే, దగ్గరున్న పడవ నల్లగా, అంచులు కోసినట్టుగా కనిపిస్తుంది. దాని వెనక ఇసుకదిబ్బ బూడిద రంగులో మెత్తబడి ఉంటుంది. ఇంకా వెనక అడవి నీలంగా, ఆ వెనక గుట్టలు ఆకాశమో కాదో తెలియనంత పలచగా. మనకూ ఆ గుట్టలకూ మధ్య ఉన్నదంతా గాలే. గాలిని గీయలేం. అది అడ్డం పడినకొద్దీ రంగును పలచన చేసి, కాస్త నీలం కలిపి, అంచును కరిగించి చూపిస్తాం. ఎంత దూరమైతే అంత గాలి.

ఆ గాలి సరిగ్గా పడిందో లేదో చూడటానికి మా డ్రాయింగ్ సారు ఒక అలవాటు నేర్పాడు. వెనక్కి జరిగి, ఎడమ కన్ను పూర్తిగా మూసి, కుడి కన్ను సగం మూసి చూడాలి. అలా చూస్తే చిల్లర వివరాలన్నీ పోయి, ఏది నలుపు, ఏది తెలుపు అన్నదే మిగులుతుంది. నేను పిల్లలకు కూడా అదే నేర్పాను. క్లాసులో అందరూ ఒక్కసారిగా కన్ను కొట్టినట్టు మూసుకుంటే హెడ్ మాస్టరు తలుపు దగ్గర నిలబడి నవ్వేవాడు. ఇన్నేళ్లూ నా రంగుల తీర్పంతా నా కుడి కన్నే ఇచ్చింది. ఎడమ కన్నుకు మూసుకోవడమే పని.

ఏప్రిల్ మొదట్లో గోడ మొదలుపెట్టాను. ముందు వరసలో పగిలిన ఐసు పలకలు, వాటి అంచుల్లో పచ్చటి నీలం, పలకల మధ్య చిక్కటి నల్లనీళ్లు. వెనక్కి పోయేకొద్దీ పలకలు చిన్నవై, నీళ్లు తేలికై, ఆఖరున ఐసుకొండల వరస. అన్నీ అయ్యాక ఆ కొండల మీద నీళ్లు బాగా కలిపిన తెల్లరంగుతో పలచటి పూత వెయ్యాలని అనుకున్నాను. ఆ పూతతోనే అవి దూరం జరుగుతాయి.

కన్ను మాత్రం రోజూ ఏదో ఒక పేచీ పెడుతూనే ఉంది. అత్తమ్మ నడినెత్తిన ఆముదం అద్దింది, సబ్జా నీళ్లు తాగించింది, పెరట్లోని నందివర్ధనం పూలు నీళ్లలో వేసి తీసి రెప్పల మీద పెట్టింది. మెడికల్ షాపతను చుక్కల మందు ఇచ్చాడు. వేస్తే ఎరుపు తగ్గేది, మానేస్తే వచ్చేది. మళ్లీ వేసేదాన్ని. ఎండలోకి వస్తే కంట్లోంచి నీళ్లు ధారగా కారేవి, కనుబొమ్మ వెనక సలుపు. షట్టర్ సగం దించుకుని పని చేసుకున్నాను. కంటికి ఎండ సరిపడటం లేదు కాబట్టి అది వేడేనని నాకు ఇంకా గట్టిగా నమ్మకం కలిగింది.

వెనక కొండలు అయిపోయిన రోజు, వెనక్కి వచ్చి, ఎడమ కన్ను మూసి, కుడి కన్ను సగం మూసి చూశాను. కొండలు ఎక్కడో, మంచు వెనక, ముట్టుకుంటే పోయేట్టు ఉన్నాయి. నాకే ముచ్చటేసింది. తెల్లపూత అక్కర్లేదనుకున్నాను, అది లేకుండానే దూరం వచ్చేసింది. బ్రష్షులు కడిగి, ఇంటికి పోయి, అందరినీ పిలుచుకొచ్చాను.

అత్తమ్మ ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని గోడకు ఎదురుగా కూర్చుంది. ఆమెకు రెండు కళ్లకూ శుక్లాల ఆపరేషన్ అయింది, అప్పటినుంచి మజ్జిగలో వెంట్రుక పడినా ఆమె కంట్లో పడాల్సిందే. గోడను ఈ చివర నుంచి ఆ చివరకు చూసింది. తర్వాత అడిగింది.

"ఎనక కొండలేంది స్వరూపా, మీదికొస్తున్నట్టున్నయ్?"

నాకు చుర్రుమంది. పొలం గట్లు చూసే కళ్లకు బొమ్మలేం తెలుస్తాయని అనేశాను. ఆమె పెద్దగా పట్టించుకోలేదు.

"నాకు బొమ్మల సంగతి తెల్వదు గనీ, గా కొండకు చెయ్యి చాపితే అందుతది."

మా ఆయన వైపు చూశాను. ఆయన ఫ్రిజ్ వైర్లు చూస్తున్నట్టు నటిస్తున్నాడు. గట్టిగా అడిగితే, తనకూ అట్లనే అనిపించిందని, నేను కష్టపడ్డాను కదా అని అనలేదని చెప్పాడు. కోపంతో కుడి కంట్లోంచి మళ్లీ నీళ్లు కారాయి. కొంగు అడ్డం పెట్టుకుని తుడుచుకుంటూనే గోడ వైపు చూశాను. ఎడమ కంటితో చూశాను.

కొండలు నల్లనీలంగా, కొత్తగూడెం నుంచి వచ్చే లారీల్లో బొగ్గు కుప్పల్లాగా, గోడకు అడ్డంగా నిలబడి ఉన్నాయి. అంచులన్నీ పదునుగా ఉన్నాయి. వాటి మీద గాలి లేదు, దూరం లేదు. కొంగు మార్చి ఎడమ కన్ను మూసి కుడి కంటితో చూశాను. మళ్లీ మంచు వెనకకు పోయాయి. ఇటు మూసి అటు, అటు మూసి ఇటు, ఎన్నిసార్లు చూశానో తెలియదు. తర్వాత నా చెయ్యిని చూసుకున్నాను, క్యాలెండర్ చూశాను, అత్తమ్మ మొహం చూశాను. కుడి కంటికి అన్నీ దూరంగానే ఉన్నాయి. నేను గోడ మీద వెయ్యాల్సిన తెల్లపూత నా కంట్లో ముందే పడి ఉంది. కన్నే కొండలకు మంచు కప్పుతుంటే, చెయ్యి కప్పడం మానేసింది. భయం ఆ నిమిషంలోనే మొదలైంది. అత్తమ్మను లేపి ఆ కుర్చీలో నేను కూలబడ్డాను.

మర్నాడు పొద్దున్నే మొదటి బస్సుకు ఖమ్మం బయలుదేరాం. కంటి దవాఖానాలో వెయిటింగ్ హాలు అంటే ఏమిటో అనుభవించినవాళ్లకే తెలుస్తుంది. కంటిపాప పెద్దదవడానికి చుక్కలు వేసి, కళ్లు మూసుకుని కూర్చోమంటారు. హాలు నిండా కళ్లు మూసుకున్న మనుషులు, గోడమీద పిలుపుల బోర్డు. ఎవరికీ ఆ బోర్డు కనిపించదు. నేను కళ్లు మూసుకుని కూర్చునే రకం కాదు. తెరవడం, మూయడం, లేవడం, తలుపు దాకా పోయి రావడం. మా ఆయన ఫోన్ వస్తే బయటికి పోయాడు. నా పక్కన ఒక కన్నుకు పట్టీ వేసుకున్న పెద్దామె ఉంది. అడవి వైపు ఊరు, కూతురితో కోయ భాషలో మాట్లాడుతోంది. నేను మళ్లీ లేవబోతే, నా మణికట్టు పట్టుకుని కూర్చోబెట్టింది. తర్వాత కూడా వదల్లేదు, కూతురితో నా పేరు అడిగించుకుంది. ఎవరి పేరు పిలిచినా కూతురి వైపు తల తిప్పి వినేది, నాది కాకపోతే చెయ్యి అలాగే పట్టుకునేది. నా పేరు పిలిచినప్పుడు ఆ చెయ్యి పైకెత్తింది. అప్పుడే లేచాను. లోపలికి పోయి వచ్చేసరికి ఆమె లేదు. ఆమె పేరు కూడా అడగలేదు నేను.

కంటి లోపలి పొరకు వాపు వచ్చిందని డాక్టరమ్మ చెప్పింది. వేడి అనుకున్నామని మా ఆయన అంటే, ఆమె కోప్పడలేదు, అలసటగా నవ్వింది. ఎరుపు వేరు, వెలుతురు పడకపోవడం వేరు, చూపు మసకబారడం వేరు, ఈ మూడూ కలిస్తే మాత్రం ఆగొద్దని, షాపులో చుక్కలు కొనుక్కుని సొంతంగా వేసుకోవద్దని చెప్పింది. చూపు మొత్తం తిరిగి వస్తుందా అని అడిగాను. మందు వేద్దాం, చూద్దాం అంది. ఆ 'చూద్దాం' అన్న మాట మీద నేను కొన్ని వారాలు బతికాను.

మే నెల అంతా చీకటి గది. గంట గంటకూ చుక్కలు. ఎండ చూడొద్దు, దుమ్ము వద్దు, రంగుల దగ్గరికి పోవద్దు. కిటికీలకు దుప్పట్లు కట్టారు. నేను ఆ గదిలో గోడ నుంచి గోడకు తిరిగాను. కళ్లు మూసుకుంటే మనసులో రంగులు కలిపేదాన్ని, ఏ నీలంలో ఎంత తెలుపు, ఎంత బూడిద. రంగు పేరు గుర్తుంది కానీ రంగు గుర్తురాలేదని ఒక మధ్యాహ్నం అనిపించింది. దుప్పటి లాగిపారేసి పెరట్లోకి పరుగెత్తి ఆకాశం చూశాను. అత్తమ్మ వెనకే వచ్చి తన కొంగు నా తలమీద కప్పింది. తిట్టింది కూడా, అది వేరే సంగతి.

ఇంతలో ఎండాకాలం కరిగిపోతోంది. ఐస్‌క్రీం దుకాణానికి సీజన్ అంతా ఏప్రిల్, మే, ఆ రెండు నెలలే. ఒక సాయంత్రం మా ఆయన ఫ్లెక్సీ తెచ్చాడు. చుట్ట విప్పి చూపించలేదు, కానీ వాసన నాకు తెలుసు. గోడకు అది వేస్తే నా పని అయిపోయినట్టేనని అన్నాను. నన్ను పక్కన పెట్టేశావు, ఇక నా కన్ను రాదని నీకు తెలిసిపోయింది, అందుకే తెచ్చావని అన్నాను. ఇంకా చాలా అన్నాను. ఆయన తలుపు దగ్గరే నిలబడి అంతా విన్నాడు.

"దుకాణం తెరవాలె స్వరూపా. నువ్వు మళ్ల గీస్తవ్. ముందుగాల కన్ను."

అని వెళ్లిపోయాడు. మర్నాడు పార్లర్ తెరిచారు. నేను పోలేదు. ఫ్లెక్సీ మీద పెంగ్విన్లు ఉన్నాయట, పిల్లలకు తెగ నచ్చాయట. ఆ పెంగ్విన్ల మీద నాకు ఎంత కసి ఉండేదో చెబితే నవ్వుతారు.

మే ఆఖరున ఎడమ కన్ను ఎర్రబడింది. నేను దాన్ని అద్దంలో చూసి, ఎవరికీ చెప్పకుండా కాసేపు బాత్రూంలో నిలబడ్డాను. అసలు భయం అదే. కుడి కన్ను పోతే ఎడమది ఉందని అప్పటిదాకా లోపల ఎక్కడో లెక్క వేసుకున్నాను. ఖమ్మం డాక్టరమ్మ ఆలస్యం చేయకుండా హైదరాబాద్ పంపింది. దుకాణం విడిచి మా ఆయనకు కుదరలేదు. అత్తమ్మ వచ్చింది. చీరలతో పాటు టిఫిన్ డబ్బాలో తడిగుడ్డ పరిచి నందివర్ధనం పూలు కూడా తెచ్చింది. దవాఖానాలో ఎవరైనా చూస్తే నవ్వుతారని నేను చచ్చేంత సిగ్గుపడ్డాను. ఆమె మాత్రం డాక్టరుకే ఆ డబ్బా తీసి చూపించింది. ఆయన ఒక పువ్వు వాసన చూసి, ఇవి దేవుడికి పెట్టమ్మా, కంట్లో నేనిచ్చింది వెయ్యండి అన్నాడు. ఆమె తలూపింది. ఇంటికి వచ్చాక నిజంగానే ఆ పూలు రాములవారి పటానికే పోయాయి.

అక్కడ ఇచ్చిన మాత్రలు కంటికి మంచివే కానీ మనిషిని నిలవనీయవు. మొహం ఉబ్బింది. నిద్ర పోయింది. ఒంట్లో ఎవరో తరుముతున్నట్టు ఉండేది. బియ్యం ఏరినవే మళ్లీ ఏరాను, వాకిలి ఊడ్చిందే మళ్లీ ఊడ్చాను, తినేటప్పుడు కూడా నిలబడే తిన్నాను. చిన్నమాటకే ఇంతెత్తున లేచేదాన్ని. ఇది మాత్రల వల్లనని డాక్టరు ముందే చెప్పాడు. ఎవరైనా ఈ మాత్రలు వాడుతుంటే ఇంట్లోవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. మనిషి మారలేదు, మందు మాట్లాడుతోందంతే. మా అత్తమ్మకు ఆ సంగతి ఎవరూ గుర్తుచేయకుండానే గుర్తున్నట్టుంది. నేను అరిచినప్పుడల్లా నాకు ఏరడానికి ఒక చేట కందిపప్పు తెచ్చిచ్చేది.

జూన్‌లో వానలు పడ్డాయి. ఎడమ కన్ను ముందు తేరుకుంది. ఒక రోజు వంటింట్లోంచి చూస్తే ఎదురింటి తీగ మీద ఆరేసిన చీర అంచులోని చుక్కలు విడివిడిగా కనిపించాయి. గిన్నె కింద పెట్టి ఏడ్చాను. కుడి కన్ను మాత్రం పూర్తిగా రాలేదు. సలుపు లేదు, ఎరుపు లేదు. కానీ సరిగ్గా కడగని గాజులోంచి చూసినట్టు ఒక తెలుపు మిగిలిపోయింది. జూలైలో మళ్లీ హైదరాబాద్ పోతే, ఆ మాత్రం ఉండిపోవచ్చని డాక్టరు అన్నాడు. జబ్బు మళ్లీ రావొచ్చని కూడా చెప్పాడు. ఏ కొంచెం మసక అనిపించినా ఆ రోజే రావాలట. మసక వచ్చినట్టు నాకెట్లా తెలుస్తుందని అడిగాను. రోజూ ఒకే చోట నిలబడి, ఒకే వస్తువును, ఒక్కో కన్నుతో చూసుకోమన్నాడు.

ఆగస్టులో, స్కూల్లో మళ్లీ చేరాక, పార్లర్‌కు పోయాను. వానాకాలం, గిరాకీ లేదు. మా ఆయన నన్ను చూసి, స్టూలెక్కి ఫ్లెక్సీ తాళ్లు విప్పాడు. గోడకు అంటించాడనుకున్నాను నేను. ఆయన పైన ఇనుపరాడ్డుకు కొక్కేలు పెట్టి, గోడకు తగలకుండా, కింద చిన్న బరువు కట్టి వేలాడదీశాడు. పెంగ్విన్లు చుట్ట చుట్టుకుని మూలకు పోయాయి. వెనక నా సముద్రం ఒక్క గీత పడకుండా ఉంది. బొగ్గుకుప్పల కొండలు కూడా అలాగే ఉన్నాయి. ఆయన మీద అరిచిన మాటలన్నీ గుర్తొచ్చి, ముఖం ఎటు పెట్టుకోవాలో తెలియలేదు.

తెల్లరంగులో నీళ్లు కలిపాను. కానీ చూసేది ఎవరు? కుడి కన్ను అబద్ధం చెబుతుంది. ఎడమ కన్నుకు ఇన్నేళ్లలో ఒక్క రంగు తీర్పు చెప్పిన అలవాటు లేదు. అత్తమ్మకు కబురు పెట్టాను. ఆమె అదే ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. నేను వెడల్పు బ్రష్షుతో ఒక పూత వేసి పక్కకు జరిగాను.

"ఇంకా అందుతది," అంది.

ఆరనిచ్చి మరో పూత వేశాను. ఇంకా అందుతోందట. నాకు చెయ్యి ఆగడం లేదు, ఆమె తొందరపడటం లేదు. మధ్యలో ఒకసారి వెనిలా కప్పు తెప్పించుకుని తింటూ చూసింది. కొండల అడుగు నీళ్లలోకి కరిగింది, శిఖరాలు ఆకాశంలోకి పలచబడ్డాయి. ఆమె కప్పు కింద పెట్టి, ముందుకు వంగి, కళ్లు చికిలించి చాలాసేపు చూసింది.

"ఇగ అందదు," అంది.

అలవాటు చొప్పున ఎడమ కన్ను మూసి చూశాను. కుడి కంటికి కొండలు అసలే లేవు. అంతా తెలుపు. గబుక్కున చెయ్యి తీసి గోడ మీద పెట్టబోయి ఆగాను. ఎడమ కన్ను తెరిచాను. కొండలు వచ్చాయి, గోదావరి అవతలి గుట్టల్లాగా, ఎక్కడో దూరంగా, కానీ ఉన్నాయి.

ఇప్పుడు రోజూ స్కూలుకు పోయే ముందు షట్టర్ ఎత్తి, గచ్చు మీద ఒకే బండ మీద నిలబడి, ఒక్కో కన్ను మూసి ఆ గోడ చూస్తాను, కుడి కంటికి ముందు వరస ఐసు పలకలు, ఎడమ కంటికి వెనక కొండలు. డాక్టరు చెప్పిన ఒకే వస్తువు నాకు అదే. ఆ కొద్దిసేపు మాత్రం కదలకుండా నిలబడతాను, ఇంకెక్కడా అలా నిలబడలేను. జబ్బు మళ్లీ వస్తే మొదట ఆ కొండలే పోతాయని నాకు తెలుసు. చూశాక నేను ఇంటికి ఫోన్ చేసేదాకా అత్తమ్మ టీ తాగదు. పలకరింపు ఏమీ ఉండదు, ఎత్తగానే అడుగుతుంది.

"కొండ యాడుంది?"

"యాడుందో గాడనే ఉంది అత్తమ్మా," అంటాను. అప్పుడు ఆమె ఇంట్లో, నేను ఇక్కడ, ఇద్దరం టీ తాగుతాం.